ద్రవ్య సంస్కరణ కోరేవారికి ఏది మేలు: చిన్న పార్టీయా, ఉద్యమమా?

బ్యాంకులు అప్పులిస్తూ డబ్బు సృష్టించే పద్ధతి మారాలని కోరుకునే మిత్రులు నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి ఈ మధ్య పదే పదే ఒకటే అడుగుతున్నారు. సొంత పార్టీ పెట్టి ఎన్నికల్లో నిలబడాలా, పార్టీ జోలికి పోకుండా ఉద్యమం నడపాలా? అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు ఆ మొత్తాన్ని తీసుకున్నవారి ఖాతాలో జమ రాస్తుంది, ఆ జమే కొత్త డబ్బు; అంతకుమించి ఇక్కడ వివరించను. 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండే దాన్ని తన త్రైమాసిక పత్రికలో వివరించింది.

పార్టీ పెట్టడం అనుకున్నంత కష్టం కాదు. నూరుమంది ఓటర్లు సభ్యులుగా ఉంటే ఎన్నికల సంఘానికి నమోదు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. డిపాజిట్టు అసెంబ్లీకి 10,000 రూపాయలు, లోక్‌సభకు 25,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది పోతుంది. మామూలు రోజుల్లో రిజర్వు బ్యాంకు గురించి మాట్లాడతామంటే ముఖం తిప్పుకునేవారు కూడా ఎన్నికల వేళ అభ్యర్థి చెప్పేది నిలబడి వింటారు. ఈ లాభం చిన్నది కాదు. కానీ ఓట్ల లెక్కింపు అయిన మర్నాటి నుంచి, మనకు పడిన కొద్దిపాటి ఓట్లే మన వాదనకు వెలగా మిగిలిపోతాయి. లోక్‌సత్తానే చూడండి. 1996లో ఉద్యమంగా మొదలై, అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తుల వివరాలు ఓటరుకు తెలియాలన్న కేసులో పిటిషనర్లలో ఒకటిగా నిలిచి 2003లో సుప్రీంకోర్టు తీర్పు సాధించింది. 2006లో పార్టీ అయింది. 2009 ఎన్నికల్లో గెలిచింది కూకట్‌పల్లి ఒక్కటే.

నేను అన్నిటికన్నా ముందు చూసేది మరొకటి. మనం అడిగేది ఇచ్చే అధికారం ఎవరికుంది? రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కరెన్సీ, రిజర్వు బ్యాంకు, బ్యాంకింగ్ మూడూ కేంద్ర జాబితాలో ఉన్నాయి. కోవూరులోనో కందుకూరులోనో గెలిచి అసెంబ్లీకి వెళ్లిన సభ్యుడు వీటిలో ఒక్క అక్షరం మార్చలేడు. కెనడాలోని అల్బెర్టా రాష్ట్రంలో ఇది అనుభవంలోకి వచ్చింది. అక్కడ 1935లో, జనం చేతిలో కొనుగోలు శక్తి చాలదు కాబట్టి ప్రభుత్వమే డబ్బు పంచాలన్న బ్రిటిష్ ఇంజనీరు డగ్లస్ సిద్ధాంతాన్ని నమ్మిన సోషల్ క్రెడిట్ పార్టీ ఏకంగా అధికారంలోకి వచ్చింది, 63 స్థానాల్లో 56 గెలిచింది. బ్యాంకులను అదుపు చేసే చట్టాలు చేస్తే కొన్నిటిని కేంద్రం రద్దు చేసింది, 1938లో సుప్రీంకోర్టు మరికొన్నిటిని కొట్టేసింది. ఆ పార్టీ 1971 వరకు అక్కడ పాలించింది. ఏ సంస్కరణ కోసం పుట్టిందో అది మాత్రం రాలేదు. అంత మెజారిటీ వచ్చినా చేయలేని పనిని ఒకటి రెండు సీట్లతో మనం చేస్తామని కార్యకర్తలకు చెప్పడం న్యాయం కాదు.

ఒక్క మినహాయింపు ఉంది. వడ్డీ వ్యాపారం, రైతుల రుణభారం నుంచి ఉపశమనం రాష్ట్ర జాబితాలోవి. 2010లో సూక్ష్మ రుణ సంస్థలపై ఆంధ్రప్రదేశ్ తెచ్చిన చట్టం ఇలాంటిదే. మీ లక్ష్యం అంతవరకే అయితే అసెంబ్లీకి పోటీ చేయడంలో అర్థముంది.

ఉద్యమం ఎలా గెలుస్తుందో నెల్లూరు జిల్లాకు ఎవరూ నేర్పనక్కరలేదు. దూబగుంట మహిళలు మద్యపానం మీద ఉపన్యాసాలు ఇవ్వలేదు, సారా దుకాణం మూయమన్నారు. తర్వాత జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వలేదు. అడిగింది సూటిగా ఉంది, ఎవరిని అడగాలో కూడా వాళ్లకు తెలుసు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధాన్ని వాగ్దానంగా చేసుకున్నారు. ఓటు అడగని ఆ మహిళల మాటను పెద్ద పార్టీయే ఎత్తుకోక తప్పలేదు.

ఉద్యమానికీ లోపముంది, దాన్ని దాచను. చట్టం రాసే కలం మన చేతిలో ఉండదు. ఆ సంపూర్ణ నిషేధం 1997లోనే పోయింది. పుణెకు చెందిన అర్థక్రాంతి అనే సంస్థ పన్నులన్నిటి స్థానంలో బ్యాంకు లావాదేవీల మీద ఒకే పన్ను, దానితోపాటు పెద్ద నోట్ల రద్దు కావాలని ఏళ్ల తరబడి ప్రచారం చేసింది. 2016 నవంబరులో 500, 1000 నోట్లు రద్దయ్యాయి. ఆ ఒకే పన్ను రాలేదు సరికదా, అంతకన్నా పెద్ద 2000 నోటు వచ్చింది. స్విట్జర్లాండ్‌లో పౌరుల సంతకాలతో, బ్యాంకులు డబ్బు సృష్టించడం ఆపాలన్న ప్రతిపాదన 2018లో ప్రజాభిప్రాయ సేకరణదాకా వెళ్లి, నాలుగింట మూడు వంతుల మంది కాదనడంతో ఓడిపోయింది. మనకు ఆ వెసులుబాటు కూడా లేదు.

పెద్ద పార్టీలో చేరి లోపలినుంచి మార్చడం అనే మూడో దారి కూడా కొందరు చెబుతారు. టికెట్టు కోసం ఎదురుచూసే మనిషి రిజర్వు బ్యాంకు మాట ఎత్తగా నేను చూడలేదు. ఒంటరిగా ఇండిపెండెంటుగా నిలబడటం గురించి చెప్పడానికి ఏమీ లేదు.

అందుకే నా మొగ్గు ఉద్యమం వైపు. పార్టీ తప్పదనుకునేవారు అసెంబ్లీ వదిలి నెల్లూరు, ఒంగోలు లోక్‌సభ స్థానాలకే పోటీ చేయండి. ఉద్యమం చేసేవారు మొదట జిల్లాలోనే జవాబు దొరికే ప్రశ్నతో మొదలుపెట్టండి. బ్యాంకులు ఈ ఏడాది ఇచ్చిన అప్పుల్లో కౌలు రైతులకు ఎంత వెళ్లింది, బంగారం మీద ఎంత, లేఅవుట్లకు ఎంత? జిల్లా వార్షిక రుణ ప్రణాళికను సమీక్షించే బ్యాంకర్ల సమావేశానికి కలెక్టరే అధ్యక్షత వహిస్తారు. కౌలు కార్డులున్న రైతులను వెంటబెట్టుకుని, సోమవారం అర్జీల రోజున ఆ లెక్కలు రాతపూర్వకంగా అడగండి.