ఎన్‌హెచ్‌ఎల్ 3.5 సున్నం: పాత మిద్దెకి మూడడుగుల వరకు బంగారం, ఆ పైన చాలావరకు దండగ

పాత ఇల్లు కొని బాగుచేయించాలనుకునేవాళ్ళకి ఎవరో ఒకరు ఈ 25 కిలోల సంచి పేరు చెప్పక మానరు. ఎన్‌హెచ్‌ఎల్ అంటే నేచురల్ హైడ్రాలిక్ లైమ్, సహజంగానే నీటితో గట్టిపడే సున్నం. ఫ్రాన్స్‌లో దోర్దోన్య్ ప్రాంతపు సెంతాస్తియే ఊరు దీనికి పేరుమోసింది. అక్కడి పల్లెల్లో పాత రాతి ఇళ్ళు కొన్నవాళ్ళు చాలామంది, మధ్యలో ఎవరో కొట్టించిన సిమెంటు పూత చెక్కించి దీనితో మళ్ళీ పూయిస్తారు. చిత్తూరు, తిరుపతి వైపు మిద్దెలదీ అదే జబ్బు. ఇటుకో రాయో మట్టితో, సున్నంతో కట్టిన లావు గోడ నేలలోని చెమ్మను పైకి పీలుస్తుంది. సున్నపు గార ఆ చెమ్మను ఆరనిస్తుంది, సిమెంటు ఆరనివ్వదు. లోపల చిక్కిన నీటితోపాటు ఉప్పు పైకొచ్చి, పూతతో పాటు ఇటుక మొహం కూడా పెళ్ళలుగా ఊడిపోతుంది.

పేరులోని 3.5 అంటే 28 రోజులకు ఉండాల్సిన కనీస బలం, చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో. 2, 5 రకాలు కూడా ఉన్నాయి. మెత్తటి పాత ఇటుకకు 2 రకమే మేలు. 5 మన ఇళ్ళకు అక్కర్లేదు. పచ్చి ఇటుక గోడైతే మూడూ వద్దు, మట్టి పూతే సరి. కొనేముందు సంచి మీద ఎన్‌హెచ్‌ఎల్ అన్న మూడక్షరాలూ ఉన్నాయో లేదో చూడండి. వట్టి హెచ్‌ఎల్ అని ఉంటే అందులో సిమెంటు కలిసి ఉండొచ్చు. పెయింటు షాపుల్లో దొరికే హైడ్రేటెడ్ లైమ్ పొడి వేరే సరుకు, అది నీటితో గట్టిపడదు.

కొలత విషయంలో ఈ సరుకును తప్పుపట్టలేం. ఒక పాలు సున్నానికి రెండున్నర పాళ్ళ ఇసుక, బరువుతో కాదు, డబ్బాతో కొలవాలి. సంచిలో సుమారు 40 లీటర్ల పొడి ఉంటుంది కాబట్టి 100 లీటర్ల ఇసుక పడుతుంది. 15 మిల్లీమీటర్ల మందంలో లెక్కకు 70 చదరపు అడుగులు వస్తుంది. కానీ పాత గోడ గుంటలు మింగేసేది పోగా 50 అనుకోండి. చుట్టుకొలత 120 అడుగులున్న ఇంటికి బయట మూడడుగుల ఎత్తు వరకు పూయాలంటే ఏడెనిమిది సంచులు. ఇసుక గరుకుగా, చిన్నా పెద్దా రేణువులు కలిసి ఉండాలి. మరీ సన్నటిదైతే పూత నెర్రెలిస్తుంది. ఏటి ఇసుకైనా గాజు సీసాలో నీళ్ళు పోసి కలిపి వదలండి, పైన ఒండ్రు మందంగా తేరితే కడగకుండా వాడొద్దు. ఎం శాండ్ (రాయి పిండిచేసిన ఇసుక) అయితే దుమ్ము జల్లించాల్సిందే.

పాత సిమెంటును సుత్తి, ఉలితోనే చెక్కించాలి. బ్రేకరు పెడితే ఇటుకా వచ్చేస్తుంది. సందుల్లో వదులు మట్టిని ఒక అంగుళం లోతుకు గీకి, బ్రష్షుతో దులిపి, ముందు రోజు సాయంత్రం ఒకసారి, పూసేముందు మరోసారి గోడ తడపాలి. మొదటి పూత 8-10 మిల్లీమీటర్లు వేసి, పైన అడ్డదిడ్డంగా గీతలు గీసి నాలుగైదు రోజులు ఆగాలి. ఆ తర్వాతే రెండోది.

ఇక్కడ పని చెడేది ఎక్కువగా మూడు చోట్ల. ఒకటి, పట్టు కోసమంటూ మేస్త్రి చాటుగా వేసే గుప్పెడు సిమెంటు. అది పడితే ఇంత ఖర్చు పెట్టినదానికి అర్థమే లేదు. రెండోది మనవాళ్ళ మంచి అలవాటే, చోటు మారి చెరుపు చేస్తుంది: గానుగ పట్టిన మన డంగు సున్నంలో పోసినట్టు ఇందులో కరక్కాయ, బెల్లం నీళ్ళు పోయడం. నీటితో గట్టిపడే సున్నానికి చక్కెర పడితే ఆ గట్టిపడటం వెనకబడుతుంది. మూడోది ఎండ. 5 డిగ్రీల కంటే చలిలోగానీ 30 దాటిన ఎండలోగానీ వాడొద్దన్నది దీనికి మామూలు నియమం. మనకి చలితో పేచీ లేదు, ఎండే సమస్య. ఏప్రిల్, మేలో తిరుపతిలో ఈ పని పెట్టుకుంటే నీరంతా గంటలో ఆవిరై పూత పొడిలా రాలుతుంది. ఈశాన్య వానలు వెళ్ళాక, జనవరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు బాగుంటుంది. అప్పుడు కూడా తడి గోనె సంచులు కప్పి, కనీసం మూడు రోజులు నీళ్ళు చిలకరించాలి. పైపుతో కొడితే పూత కొట్టుకుపోతుంది.

ఇక ఇంటి లోపలి గోడలకు ఈ సంచి దేనికి? చంద్రగిరి రాజమహల్ కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే నిలబడి ఉంది, ఆ సున్నం ఈ సంచిలా విదేశం నుంచి ఓడెక్కి వచ్చింది కాదు. మన సున్నపు గడ్డలు విరగబోసి, నెలరోజులైనా నీళ్ళ కింద నానబెట్టి, ఒకటికి రెండు పాళ్ళ ఇసుకతో గానుగ పట్టిస్తే లోపలి పూతకు ధోకా లేదు. ఇసుకలో కొంత భాగం ఇటుక పొడి వేస్తే దానికీ నీటిలో గట్టిపడే గుణం వస్తుంది. కానీ ప్రతి గానుగ పట్టూ ఒకేలా రాదు, నానబెట్టే ఓపికా అందరికీ ఉండదు. అచ్చంగా ఆ రెండిటికే ఈ సంచి జవాబు. అందుకే బయట వాన చిందే అడుగు భాగానికి, పిట్టగోడకు, రాతి సందులకు దీన్నే వాడమంటాను. మిగతా ఇంటికి ఓడ ఖర్చు కట్టడం నాకు నచ్చదు.

తయారీ తేదీ అడక్కుండా తీసుకోవద్దు. ఏడాది లోపు వాడాల్సిన పొడి ఇది, ఓడలోనూ గోడౌన్లోనూ సగం కాలం గడిచిపోయి ఉండొచ్చు. సంచిలో గడ్డలు తగిలితే వెనక్కి పంపండి. పనివాళ్ళకి గ్లవ్స్, కళ్ళద్దాలు ఇవ్వాలి, ఈ సున్నం కంట్లో పడితే కాలుస్తుంది. పూత ఆరాక పైన వెల్లే వేయించండి. ఎమల్షనూ వాల్ పుట్టీ పట్టిస్తే చెమ్మకు మళ్ళీ తలుపు మూసినట్టే.