కొండకర్ల ఆవలో రూముకి 2,800, తీగ మీద పిట్టకి పైసా లేదు

నవంబర్ రెండో వారంలో పిట్టల్ని చూడ్డానికి కొండకర్ల ఆవ, అదే మన విశాఖ దగ్గరి మంచినీటి చెరువు, వెళ్ళొచ్చాం, నేనూ మా ఆవిడా మా బావమరిదీ. మధురవాడ నుంచి పొద్దున్నే పోవడం కష్టం, ముందు రోజే వెళ్ళి పడుకుందాం అన్న తెలివి నాదే, ఇప్పటికీ తిట్లు తింటున్నా.

"చెరువు కనపడే రూము" అని ఆన్‌లైన్‌లో 2,800 కట్టాం. కిటికీ తీస్తే కనపడింది పక్కింటి వాటర్ ట్యాంకు. రాత్రి పదకొండుకి కరెంటు పోయింది, జనరేటర్ ఉంది కానీ డీజిల్ లేదంట. దోమల కాయిల్ అడిగితే కుర్రాడు 20 రూపాయలు తీసుకుని సగం కాలినది ఇచ్చాడు. ఐదింటికి టీ దొరుకుతుందా అంటే "వంటమనిషి ఎనిమిదికొస్తాడు సార్". పిట్టల కోసం వచ్చేవాళ్ళకి రూములిస్తూ ఎనిమిదింటికి టీ ఏంటండీ! అక్కడ్నుంచి మా ఆవిడ నాతో మాటలు బంద్.

ఆవకి మాత్రం వంక పెట్టలేం. రెండు తాటిదోనెలు జోడించి కట్టిన పడవ, మనిషికి 150. తామరాకుల మధ్య బొల్లికోళ్ళు, ఆకుల మీద నడిచే జకానాలు, దూరంగా సూదితోక బాతుల గుంపు. "ఇంకా దగ్గరికెళ్తే లెగిసిపోతాయి బాబూ, ఇక్కడే కూకోండి" అని దోనె నడిపే పెద్దాయన ఆపేశాడు, ఆయన చెప్పిందే రైటు. ఇంకో వంద చేతిలో పెట్టాం.

అసలు సంగతి తిరిగొచ్చేటప్పుడు. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగి రిఫండ్ కోసం ఫోన్లో అరుస్తున్నా, ఎదురుగా కరెంటు తీగ మీద ఏదో కూర్చుంది. పావురంలే అన్నాడు మా బావమరిది. నేను కెస్ట్రెల్ అనే చిన్న డేగ అనుకున్నా కానీ దానికి కాళ్ళు పసుపు, దీనికేమో నారింజ ఎరుపు, ఒళ్ళంతా బూడిదరంగు. అముర్ డేగ, మగది! సైబీరియా, ఈశాన్య చైనాల్లో పుట్టి, నాగాలాండ్‌లో ఆగి తిని, అరేబియా సముద్రం దాటి దక్షిణాఫ్రికా వైపు పోయే పిట్ట, మన దగ్గర ఆగి కనపడిందంటే అదృష్టమే. రెండు తూనీగల్ని పట్టుకుంది, పది నిమిషాల్లో వెళ్ళిపోయింది. ఫోన్లో అతను హలో సార్ హలో సార్ అంటూనే ఉన్నాడు.

వెళ్ళేవాళ్ళు రాత్రి ఉండకండి, నాలుగున్నరకి బయల్దేరి గాజువాక, లంకెలపాలెం మీదుగా పొండి, వచ్చేటప్పుడు తీగలు కూడా చూడండి. రిఫండ్ 500 వచ్చింది. దాంతో ఫ్లాస్కు కొనమంది మా ఆవిడ, రెండ్రోజుల తర్వాత అన్న మొదటి మాట అదే.