బరంపురంలో సీటీ స్కాన్: పాత సీడీ అడిగిన చోటు

బరంపురం పాత బస్టాండు దగ్గర ఉన్న ఒక స్కాన్ సెంటర్ గురించి రాస్తున్నాను. పొగడ్తతో పాటు దెప్పిపొడుపు కూడా ఉంది కాబట్టి పేరు రాయను.

నాది జిస్ట్ అనే అరుదైన క్యాన్సర్. కడుపు, చిన్నపేగుల గోడల్లో పుడుతుంది. ఏడాదికి పది లక్షల మందిలో 10-15 మందికి వస్తుందట. ఆ అదృష్టం మా చీరల దుకాణం దాకా వచ్చింది. ఆపరేషన్ తర్వాత రోజుకు 400 మిల్లీగ్రాముల ఇమాటినిబ్ అనే క్యాన్సర్ మాత్ర మూడేళ్లు మింగి, ఆపేశాను. ఇప్పుడు జబ్బు లేదంటున్నారు. కానీ ఇది తిరగబెడితే ఎక్కువగా కాలేయంలోనో, పొట్ట లోపలి పొర మీదో కనబడుతుంది. అందుకే దసరా పిండివంటలయ్యాక కుడి డొక్కలో నొప్పి మొదలైతే ఇంట్లోవాళ్లు వాము నమలమన్నారు; నా మనసు మాత్రం తిన్నగా కాలేయం మీదికే పోయింది. వైజాగ్ డాక్టరుగారు ఫోనులో విని, కాంట్రాస్ట్ సీటీ, అంటే బొమ్మ స్పష్టంగా పడటానికి నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్, తీయించమన్నారు.

కౌంటరులో అబ్బాయి జిస్ట్ అంటే గ్యాస్ట్రైటిస్ (కడుపులో వాపు) అని రాసుకున్నాడు. పట్టుబట్టి దిద్దించాను. చాదస్తం అనుకోకండి, మందు ఎక్కించాక ఏ క్షణంలో బొమ్మ తీయాలన్నది ఏ జబ్బు కోసం వెతుకుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు చూడందే లోపలికి పంపలేదు, అది మెచ్చుకోవాలి. సూది పెట్టిన అమ్మాయి సగం ఒడియా, సగం తెలుగులో, "మౌసా, ఒళ్లంతా వేడెక్కుతుంది, పక్క తడిసినట్టు అనిపిస్తుంది, తడవదు" అని ముందే చెప్పింది. అక్షరాలా అలాగే అయింది.

అసలు మెప్పు స్కాన్ చూసి రిపోర్టు రాసే డాక్టరుకు, అంటే రేడియాలజిస్టుకు. పాత స్కాన్ల సీడీ ఉందా అని ఆయనే బయటికి వచ్చి అడిగారు. కాలేయంలో చిన్న నీటితిత్తి లాంటి మచ్చ ఉంది. ఇమాటినిబ్ వాడినవాళ్లలో కాలేయానికి పాకిన గడ్డలు కూడా తిత్తుల్లాగే కనబడవచ్చు, ఒక్క బొమ్మతో తేల్చడం కష్టం. ఆయన పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి, అప్పటి కొలత, ఇప్పటి కొలత మిల్లీమీటర్లలో రాశారు. తేడా లేదు, మామూలు తిత్తే. నొప్పికి పిత్తాశయంలో రాళ్లు కారణం కావచ్చన్నారు.

ఇక దెప్పిపొడుపు. ఈ పోలిక ఉన్న రిపోర్టు సోమవారం చేతికొచ్చింది. శనివారం రాత్రి ఫోనుకు వచ్చిన ముసాయిదాలో "కాలేయంలో మచ్చ, పాత స్కానులతో పోల్చాలి" అని మాత్రమే ఉంది. డాక్టరు చూడని కాగితం రోగి ఫోనుకు ఎందుకు పంపాలి? ఆదివారం మధ్యాహ్నానికి మా ఆవిడ నా ఫోను బియ్యం డబ్బాలో దాచేసింది.

ఐదుకు నాలుగు నక్షత్రాలు. మీ పాత సీడీలన్నీ తీసుకెళ్లండి, శనివారం మాత్రం వెళ్లకండి.