మొక్కజొన్నా, ఎండుగడ్డా: ఊరేగింపు గుర్రానికి ఏది మేలు?

విజయవాడలో పెళ్లి ఊరేగింపులకు వెళ్లే మా గుర్రానికి రెండు మేతలూ పెట్టి చూశాను. మొక్కజొన్న గుంటూరు చుట్టుపక్కల సులువుగా దొరుకుతుంది. దానిలో 70 శాతం దాకా పిండిపదార్థమే. అది రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. రెండు కిలోలు తిన్న సాయంత్రం బ్యాండు మోగగానే మా గుర్రం చెవులు వెనక్కి వాల్చి, ముందుకాలితో నేల గీకుతూ, ఉన్నట్టుండి పక్కకు గెంతేది. పైన పెళ్లికొడుకు! నా గుండె జారిపోయేది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. చిన్నపేగులో అరగని పిండి పెద్దపేగులో పులిసి కడుపునొప్పిని, గిట్టల లోపల వాపును తెస్తుంది. వాంతి చేసుకుని బయటపడే వీలు కూడా గుర్రానికి ఉండదు, పాపం.

ఎండుగడ్డిలోని పీచు పెద్దపేగులో నెమ్మదిగా పులుస్తూ గంటల తరబడి శక్తినిస్తుంది. 400 కిలోల గుర్రానికి రోజుకు 6 నుంచి 8 కిలోలు కావాలి. అయితే వరిగడ్డిలో సారం తక్కువ. లూసర్న్ అనే పశుగ్రాసం, కాసిని ఉడికించిన ఉలవలు కలపక తప్పదు.

పందెపు గుర్రానికి గింజలు అవసరమే. ఊరేగింపు గుర్రానికి మాత్రం నా ఓటు గడ్డికే. మార్చేటప్పుడు పది రోజులపాటు కొద్దికొద్దిగా మార్చండి.