దుబాయా, షార్జానా?

కడప వైపు గల్ఫ్ అంటే ముందు కువైటే గుర్తొస్తుంది. దుబాయిలో ఉద్యోగం దొరికి, భార్యాపిల్లలతో బయలుదేరేవారిని మాత్రం ఒక ప్రశ్న వదలదు: కాపురం దుబాయిలోనే పెట్టాలా, పక్కనున్న షార్జాలోనా?

అద్దె: షార్జాలో తక్కువ. దుబాయిలో అద్దెపై 5 శాతం మునిసిపాలిటీ రుసుము కరెంటు బిల్లుతో కలిసి వస్తుంది.

ప్రయాణం: అసలు చిక్కు ఇక్కడే. దుబాయికి 2009 నుంచి మెట్రో ఉంది, షార్జాకు లేదు. పొద్దున షార్జా నుంచి దుబాయి వెళ్లే అల్ ఇత్తిహాద్ రోడ్డుపై కార్లది నత్తనడక. కడప నుంచి ప్రొద్దుటూరు చేరే సమయం పాతిక కిలోమీటర్లకే హరించుకుపోవచ్చు.

బడి: సీబీఎస్‌ఈ రెండుచోట్లా ఉంది. షార్జా బడులకు శుక్రవారమూ సెలవే, దుబాయి ఆఫీసుకు కాదు. ఆ రోజు పిల్లలను ఎవరు చూస్తారు?

ఇద్దరూ దుబాయిలో ఉద్యోగం చేస్తే, భారమైనా దుబాయే నయం. ఒక్కరి జీతమే ఆధారమై, తల్లి ఇంటిపట్టున ఉంటే షార్జా.