చైన్ కిట్ కొంటున్నారా? డబ్బా చూసి డబ్బులివ్వకండి

విశాఖలో బండికి చైన్ స్ప్రాకెట్ కిట్ (చైను, అది తిరిగే రెండు పళ్ల చక్రాలు, అంటే ముందు చిన్న స్ప్రాకెట్, వెనక పెద్ద స్ప్రాకెట్) మార్పించబోతున్నవాళ్లు ముందు ఇది చదవండి. కంపెనీ డబ్బా, హోలోగ్రామ్, ఎమ్మార్పీ స్టిక్కర్ అన్నీ ఉన్న కిట్టునే "ఒరిజినలే సార్, కళ్లు మూసుకుని వేయించుకోండి" అని నగరంలో అమ్మారు. రెండు వేల కిలోమీటర్లు తిరక్కుండానే చైన్ బిగువు సరిచేసే అడ్జస్టర్లు చివరి గీత దాకా వచ్చేశాయి. ముందు స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా తయారయ్యాయి. షాపు పేరు రాయడం లేదు. ఆ ఒక్క షాపు తప్పించుకున్నంత మాత్రాన గట్టెక్కే వ్యవహారం కాదిది.

మొదటి మోసం చైన్‌లోనే ఉంది. ఓ-రింగ్ చైన్ ధర తీసుకుని మామూలు చైన్ పెట్టారు. ఓ-రింగ్ చైన్‌లో ప్రతి పిన్నుకూ రెండు పక్కలా, లోపలి ప్లేటుకూ బయటి ప్లేటుకూ మధ్య సన్నని రబ్బరు రింగు ఉంటుంది. పిన్నుకీ, దాని చుట్టూ ఉండే గొట్టం బుష్‌కీ మధ్య ఫ్యాక్టరీలో నింపిన గ్రీజును బయటికి పోనివ్వనిది, ఉప్పునీటిని లోపలికి రానివ్వనిది ఆ రింగే. మామూలు చైన్‌కి చిక్కటి గ్రీజు దట్టంగా పూసి ఇస్తే ఈ తేడా పైకి కనబడదు. అందుకే కౌంటర్ దగ్గరే గుడ్డతో నాలుగు లింకులు తుడిచి, ఫోన్ లైటు వేసి ప్లేట్ల సందులో చూడండి. చైన్ రెండు కొసల్నీ కలిపే లాక్ ప్యాకెట్ కూడా విప్పించండి. ఓ-రింగ్ లాకుతో నాలుగు బుల్లి రింగులు విడిగా వస్తాయి. అవి లేకపోతే అక్కడే వెనక్కి ఇచ్చేయండి. పూర్తి చైన్ కవర్ ఉన్న చిన్న బళ్లు చాలావాటికి కంపెనీయే మామూలు చైన్ వేస్తుంది, అందులో తప్పేమీ లేదు. ఒకదాని రేటుకి ఇంకొకటి అంటగట్టడమే తప్పు.

ప్లేటు మీద కొట్టిన సైజు నంబరూ చదవండి. 428కీ 428హెచ్‌కీ పిచ్, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం, ఒకటే, 12.7 మిల్లీమీటర్లు. రోలరూ అంతే, స్ప్రాకెట్ మీద రెండూ చక్కగా కూర్చుంటాయి. తేడా ప్లేటు మందంలో ఉంది. హెచ్ రావాల్సిన బండికి పలచటిది వేస్తే బిగించిన రోజున ఎవరికీ తెలియదు. నంబరే లేని చైన్ అయితే ఇక మాట్లాడుకోవడానికేమీ లేదు, వదిలేయండి.

రెండో మోసం చిన్న స్ప్రాకెట్లో. ముందు 14 పళ్లు, వెనక 42 ఉన్నాయనుకోండి, ముందున్న ఒక్కో పన్ను వెనక పన్నుకి మూడింతలు దెబ్బలు తింటుంది. అందుకే పళ్ల అంచులకి వేడితో గట్టిదనం పట్టిస్తారు. నకిలీ సరుకులో ఎగ్గొట్టేది ఈ పనే. పాత ఆకురాయితో పన్ను పక్కవైపు ఒకసారి మెల్లగా గీయండి. గట్టిపడిన ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తటిదైతే కొరుక్కుని పొడి రాలుతుంది. షాపువాళ్లు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే బిల్లు మీద కంపెనీ పేరూ, పార్టు నంబరూ రాయించుకోండి. దానికి కూడా ఒప్పుకోకపోతే జవాబు దొరికినట్టే. పళ్ల లెక్క మాత్రం మీరే పెట్టుకోండి. ముందు ఒక్క పన్ను తగ్గినా ఇంజను ఎక్కువ తిరుగుతుంది, మైలేజీ పడిపోతుంది, మీరేమో కార్బొరేటర్ని తిట్టుకుంటారు.

మెకానిక్ షెడ్డులో ఇంకో కథ ఉంది. కిట్టుకి డబ్బులు తీసుకుని చైను, పెద్ద స్ప్రాకెట్ మాత్రమే మార్చడం. ముందుది కవర్ వెనకాల ఉంటుంది కాబట్టి ఎవరూ తొంగి చూడరు. అరిగిన పళ్ల మీద కొత్త చైన్ వేస్తే ఆ కొత్తదీ తొందరగానే పాడవుతుంది. కవర్ విప్పినప్పుడు పక్కనే నిలబడండి, పాత సామాను మూడూ సంచిలో వేయించుకోండి. "లూజైంది సార్, రెండు లింకులు కోసేస్తే చాలు" అనేవాళ్లనీ నమ్మకండి. కోస్తే పొడవు తగ్గుతుందే గానీ, మిగిలిన లింకుల్లో సాగిన పిచ్ అలాగే ఉంటుంది. ఆ చైన్ పళ్ల మొదట్లో కూర్చోక కొసల మీద నడుస్తుంది. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పన్ను దాటేది ఇలాంటివే.

సాగిందో లేదో మీరే కొలుచుకోవచ్చు. చైన్‌ని బిగువుగా లాగి పట్టి 21 పిన్నులు లెక్కపెట్టండి, అంటే 20 లింకులు. మొదటి పిన్ను మధ్య నుంచి చివరి పిన్ను మధ్యకి 428 చైన్ కొత్తలో 254 మిల్లీమీటర్లు రావాలి. 259 దాటితే పని అయిపోయినట్టే. కొత్త చైన్ బిగించే ముందు కూడా ఇలా ఒకసారి కొలిస్తే, కడిగి ఆయిల్ పూసిన పాత సరుకు దొరికిపోతుంది.

బిగించాక లాక్ క్లిప్పు చూడండి. మూసి ఉన్న కొస చైన్ కదిలే దిక్కుకి ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలినప్పుడు ఊడిపోతుంది. లూజు, అంటే చైన్ పైకీ కిందికీ ఆడే దూరం, ఎంతుండాలో మాన్యువల్లో రాసి ఉంటుంది, చాలా బళ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు. చక్రం తిప్పుతూ ఎక్కడ బాగా బిగువుగా ఉందో అక్కడ కొలవాలి. "చప్పుడు రాకుండా" అని బిర్రుగా బిగిస్తే గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగూ ఆయిల్ సీలూ పోతాయి. వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ మీది గీతలు రెండు పక్కలా సమానంగా ఉన్నాయా, వెనక డ్రమ్ బ్రేకుంటే పెడల్ మళ్లీ సరిచేశారా, ఇవి చూడకుండా బండి తీయొద్దు.

మన ఊళ్లో అసలు సరుకు కూడా అశ్రద్ధ చేస్తే నిలవదు. బీచ్ రోడ్డు, భీమిలి వైపు రోజూ తిరిగే బళ్లకి ఉప్పుగాలి. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది, ఇనుము ఆరదు. పోర్టు వైపు తిరిగేవాటికి గరుకు దుమ్ము, అది ఆయిల్‌లో కలిస్తే గరుకు కాగితమే. మాన్యువల్లో 500 కిలోమీటర్లని ఉంటే ఇక్కడ 300కే ఆయిల్ పట్టించండి, వాన పడితే మర్నాడే. కిరసనాయిల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో కడిగి, తుడిచి, ఆరాక 90 గేర్ ఆయిల్ లోపలి వైపు నుంచి రోలర్ల మీద వేయండి, ఎక్కువైంది తుడిచేయండి. ఓ-రింగ్ చైన్‌కి పెట్రోలు తగలనివ్వొద్దు, రబ్బరు పాడవుతుంది. వాటర్ సర్వీసులో డీజిల్ కొడతామంటే వద్దనండి. అది బ్రేకు మీద పడితే ఇంకో తలనొప్పి. ఇంజను ఆన్ చేసి గేర్‌లో పెట్టి తుడవడం మాత్రం ఎప్పుడూ చేయకండి, వేళ్లు పోతాయి. పిన్నుల పక్కన ఎర్రటి పొడి కనిపిస్తే లోపల గ్రీజు అయిపోయిందని అర్థం. పైన ఎంత ఆయిల్ పోసినా అది తిరిగి రాదు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు డబ్బా, బిల్లు, పాడైన స్ప్రాకెట్ మూడూ దాచండి. కొలత టేపు పక్కన పెట్టి ఫోటోలు తీయండి. షాపువాళ్లు మార్చివ్వకపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. జీఎస్టీ బిల్లు లేకుండా "తక్కువకి ఇస్తా" అన్న చోట కొన్నవాళ్లకి ఈ దారి కష్టం. ఇక కిట్టు బాగానే ఉండి వేయించుకున్నవాళ్లు, ఖాళీ డబ్బాని షెడ్డులో వదలకుండా చింపి పారేయండి. అది మళ్లీ నిండడానికి ఎంతోసేపు పట్టదు.