కాకినాడలో పాత ఇల్లు కొనిపెట్టిన మధ్యవర్తి: బేరానికి ఐదు మార్కులు, కాగితాలకు రెండు

మేం రామారావుపేట వైపు కొన్న ఇల్లు 5 సెంట్లు, అంటే 242 గజాలు. పెంకుటిల్లు, వెనక డాబా గది, నూతి పక్కన సపోటా చెట్టు. అమ్మేవాళ్ళు ఒక మామ్మగారు, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. భర్త పోయాక ఆవిడ ఒక్కరే ఉంటున్నారు. పిల్లలు తమ దగ్గరకు రమ్మంటున్నారు, ఆవిడకేమో వెళ్ళాలనీ ఉంది, వెళ్ళాలనీ లేదు. కోటీ నలభై చెప్పారు. చుట్టుపక్కల స్థలం గజం 45 వేలకు పోతోంది. ఆ లెక్కన స్థలం ఖరీదు కోటీ తొమ్మిది లక్షల లోపే. మిగతాది ఇంటి మీద ప్రేమకు వేసుకున్న ధర.

మాకంటే ముందు ఒక బిల్డర్ మాకన్నా ఎక్కువే ఇస్తానన్నాడట. ఆవిడ ఎదురుగానే నిలబడి "ఇదంతా లేపేసి స్టిల్ట్ ప్లస్ ఫోర్ వేద్దాం" (కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు) అని ఇంజనీరుతో అన్నాడట. కాఫీ కూడా ఇవ్వకుండా పంపేశారు. మా మధ్యవర్తి ఈ సంగతి గేటు బయటే చెప్పి, "ఏవండీ, లోపల కూల్చడం మాట ఎత్తొద్దు, గోడ చెమ్మ గురించి అడగొద్దు. ఇవాళ రేటు మాట్లాడం" అన్నాడు. అయినా మా మావగారు ఊరుకుంటారా? దిక్సూచి తీసి ఈశాన్యం తగ్గిందని మొదలెట్టారు. మధ్యవర్తి వెంటనే "బాబాయిగారూ, అరుగు మీద గాలి బాగుంటుంది, రండి" అని చెయ్యి పట్టుకుని బయటకు తీసుకుపోయాడు. అతనికిచ్చిన కమీషన్‌లో సగం అక్కడే గిట్టిపోయింది నాకు.

అసలు పనితనం రేటు దగ్గర చూశాను. కోటీ ఇరవైకి రమ్మని ఆవిడను నేరుగా అడగలేదు. స్థలం ధర వేరు, ఇంటి ధర వేరు చేశాడు. స్థలానికి వీధిలో ఈ మధ్య రిజిస్టరైన దస్తావేజుల నకళ్ళు చూపించాడు. ఇంటికి వడ్రంగిని తీసుకొచ్చి టేకు దూలాలు, తలుపులు లెక్క కట్టించాడు. వడ్రంగి వీధి తలుపు మీద అరచేత్తో తట్టి, "ఇలాంటి చెక్క ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందమ్మా" అన్నాడు. మామ్మగారి మొహం మారిపోయింది. అప్పుడు మధ్యవర్తి, "ఆ తలుపు, ఉయ్యాల బల్ల మీరే పట్టుకెళ్ళండి. వీళ్ళకు అక్కర్లేదు" అన్నాడు. మాకు ముందే చెప్పి ఒప్పించిన మాటే అది. ఇంటి విలువ ఒకరు ఒప్పుకున్నాక, ఆవిడ ఇంక దాన్ని డబ్బుల్లో రాబట్టుకోవాలని చూడలేదు. కోటీ ఇరవైకి తెగింది.

దసరా తర్వాత అగ్రిమెంటు రాసుకున్నాం. రిజిస్ట్రేషన్ సంక్రాంతి వెళ్ళాకే అని ఆవిడ పట్టు. మా ఆయన విసుక్కున్నాడు కానీ, అదే కలిసొచ్చింది. పండక్కి అమెరికా అబ్బాయితో సహా అందరూ వచ్చి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకేసారి సంతకాలు పెట్టారు. అమెరికా నుంచి జీపీఏ (తన తరఫున సంతకం పెట్టడానికి ఇచ్చే అధికారపత్రం) పంపించుకుని, ఇక్కడ స్టాంపు వేయించుకునే తతంగం తప్పింది. 5 లక్షలు మాత్రం తాళాలిచ్చిన రోజు ఇచ్చేటట్టు రాసుకున్నాం.

ఇక కాగితాల సంగతి. మధ్యవర్తి ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) ఒకటి తీసి చేతిలో పెట్టి "క్లియర్ అమ్మా" అన్నాడు. అది 1983 నుంచే వస్తుంది, ఇల్లు అంతకన్నా పాతది. మిగతాది మా లాయరే ఆఫీసులో వెతికించారు. టీడీఎస్ (అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి మనం కోసి కట్టే పన్ను) ఒక శాతం కోసుకుంటే చాలన్నాడు. అమెరికాలో ఉన్న అబ్బాయి వాటాకు ఆ ఒక శాతం లెక్క వర్తించదు. ఆయనకు కోతలు వేరే, ఎక్కువ. ఆడిటర్ చెప్పకపోతే ఆ బాకీ మా మెడకు చుట్టుకునేది. అగ్రిమెంటు అయ్యాక ఫోన్ ఎత్తడం కూడా తగ్గించాడు.

కమీషన్ రెండు వైపులా ఒక్కో శాతం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం ఎలాగూ తప్పదు కాబట్టి, దీన్ని ముందే బడ్జెట్‌లో వేసుకోండి. ఖాళీ స్థలమో, కొత్త అపార్ట్‌మెంటో కొనేవాళ్ళకు ఇతను అక్కర్లేదు. పెద్దవాళ్ళు కాపురమున్న ఇల్లైతే పిలవండి, లాయర్‌ను మాత్రం మీరే పెట్టుకోండి.